రీళ్లను పారేయమన్న సలహాను దయచేసి సవరించండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లో పేరుకుపోయిన పాత సామాను వదిలించుకోవడం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో 8 ఎంఎం సినిమా రీళ్ల గురించి రెండు సలహాలు ఉన్నాయి. రీళ్లను ఏదైనా దుకాణంలో ఇచ్చి డిజిటల్ రూపంలోకి మార్పించుకున్నాక వాటిని పారేయవచ్చునన్నది మొదటిది. వాటితోపాటు కడిగించకుండా మిగిలిపోయిన ఫిల్ము ఏదైనా దొరికితే దాన్నీ అదే దుకాణంలో కడిగించుకోవచ్చునన్నది రెండోది. మొదటి సలహా పాటిస్తే ఉన్న బొమ్మ పోతుంది, రెండోది పాటిస్తే బొమ్మ పుట్టకుండానే పోతుంది. వ్యాసం పక్కన అచ్చు వేసింది 8 ఎంఎం వీడియో క్యాసెట్ బొమ్మ కావడాన్ని నేను పెద్ద తప్పుగా ఎంచను. వెడల్పు ఒకటే కాబట్టి పేరు కలిసింది, ఆ పొరపాటు చాలామంది పడతారు. సలహాల సంగతి అలా వదిలేయదగినది కాదు కనుకనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఫిల్ము అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది నెగటివు. ఫొటో చిరిగిపోయినా నెగటివు భద్రంగా ఉంటే మరో ప్రింటు వేయించుకోవచ్చునన్న ధీమాతో ఒక తరమంతా గడిపింది. ఇళ్లలో తీసుకున్న సినిమాల విషయంలో ఆ ధీమాకు ఆధారం లేదు. 1932లో కోడక్ సంస్థ 8 ఎంఎం ఫిల్మును బజారులోకి తెచ్చినప్పటి నుంచి, వీడియో కెమెరాలు వచ్చి దాన్ని పక్కకు నెట్టేదాకా, ఇంటి సినిమాలకు వాడినదంతా దాదాపుగా రివర్సల్ ఫిల్మే. కెమెరాలో వెలుతురు తగిలినది ఏదో, ల్యాబులో కడిగి ఇచ్చినది ఏదో, ప్రొజెక్టరులో తిప్పి గోడ మీద చూసుకున్నది ఏదో, ఆ మూడూ ఒకే పట్టీ. దాని వెనక నెగటివు లేదు, దాని పక్కన ప్రింటు లేదు. ఒక సినిమాకు రెండు ఫిల్ముల ఖర్చు పెట్టుకోలేని మామూలు కుటుంబాల కోసమే ఆ పద్ధతిని ఎంచుకున్నారు.

నెగటివు ఎందుకు లేదో తెలియాలంటే ఆ ఫిల్మును కడిగే తీరు కొంత చెప్పుకోవాలి. నలుపు తెలుపు రివర్సల్ ఫిల్మునే తీసుకుందాం. చీకట్లో మొదటి డెవలపరు, అంటే బొమ్మను తేల్చే ద్రావణం, పోయగానే వెలుతురు తగిలిన చోటల్లా ఫిల్ము పూతలోని వెండి లవణం నల్లని వెండిగా మారుతుంది. ఆ క్షణాన పట్టీ మీద ఉన్నది నెగటివే, ముఖం నల్లగానూ జుట్టు తెల్లగానూ ఉంటుంది. మామూలు ఫిల్ము అయితే ఇక్కడే, మిగిలిన లవణాన్ని తీసేసే హైపో ద్రావణంలో వేసి ముగిస్తారు. రివర్సల్‌లో మాత్రం ఆ నల్లని వెండిని బ్లీచులో పూర్తిగా కరిగించేస్తారు. పొటాషియం డైక్రోమేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నారింజ రంగు ద్రావణంలో బొమ్మంతా మాయమై, మీగడ రంగు పట్టీ ఒకటి మిగులుతుంది. కెమెరాలో వెలుతురు తగలని లవణం ఇంకా అందులోనే ఉంది. సల్ఫైటు నీళ్లలో కడిగి, బల్బు వెలుగు చూపించి, రెండో డెవలపరు పోస్తే ఆ మిగిలిన లవణం నల్లబడి అసలు బొమ్మ తేలుతుంది. ఇంట్లోనే ఫిల్ము కడుక్కోవడానికి పనికొచ్చే సోవియట్ కాలపు లోమో ట్యాంకులో ఈ పని నేను స్వయంగా చాలాసార్లు చేశాను. మొదటిసారి బ్లీచు అయ్యాక మూత తీసి చూస్తే, లోపలి చక్రం మీద చుట్టలు చుట్టలుగా ఉన్న ఫిల్ము అంతా ఒకే రంగులో, ఏ గీతా లేకుండా కనిపించింది. అంతా పోగొట్టుకున్నాననే అనుకున్నాను. రెండో డెవలపరు పోశాక నిమిషం తిరగకుండానే పైచుట్టు అంచున వేలిగోరులో సగం కూడా లేని నల్లటి గళ్లు ఒకదాని వెంట ఒకటి తేలాయి. నెగటివును కరిగించి పారబోస్తే తప్ప ఆ బొమ్మ రాదు. కాబట్టి ఇంట్లో ఉన్న రీలుకు మూలం మరెక్కడో ఉందని ఎవరూ అనుకోవద్దు.

మీ వ్యాసం అన్నింటినీ కలిపి 8 ఎంఎం అనేసింది గాని ఆ పేరు కింద వేరు వేరు కొలతలు ఉన్నాయి. పాతదాన్ని స్టాండర్డ్ 8 అనీ డబుల్ 8 అనీ అంటారు. కెమెరాలోకి వెళ్లేటప్పుడు దాని వెడల్పు 16 మిల్లీమీటర్లు, అంచు చిల్లుల సంఖ్య మాత్రం 16 ఎంఎం ఫిల్ముకు రెట్టింపు. 25 అడుగుల చుట్టను ఒక పక్క తీసి, చుట్టను బయటకు తీసి తిరగేసి, రెండో పక్క మళ్లీ అంత పొడవునా తీస్తారు. కడగడం అయ్యాక ల్యాబువాళ్లు దాన్ని నిలువునా మధ్యకు చీల్చి, రెండు ముక్కలనూ కొసకు కొస అతికించి 50 అడుగుల రీలుగా ఇచ్చేవారు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున తిప్పితే అది నాలుగు నిమిషాల పైచిలుకు ఆడుతుంది. చుట్ట తిరగేసేటప్పుడు ఎంత నీడలో నిలబడినా కొంత వెలుతురు దూరక మానదు. అందుకే దాదాపు ఏ ఇంటి రీలు చూసినా నడిమధ్యన తెర నారింజ రంగుకు తిరిగి, ఒక్క క్షణం తెల్లబడి, ఆ తర్వాత మరో రోజు, మరో చోటు మొదలవుతాయి. డిజిటల్‌గా మార్చేవాళ్లు దాన్ని మచ్చ అనుకుని కత్తిరించేస్తుంటారు. చుట్టలో మొదటి సగం ఎక్కడ ముగిసిందో, రెండో సగం ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు అది. నాకైతే ఆ మెరుపు లేని నకలు చూస్తే ఏదో పేజీ చింపిన పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది.

1965లో కోడక్ తెచ్చిన సూపర్ 8 ఈ తిరగేసే బెడదను తీసేసింది. 50 అడుగుల ఫిల్ము ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో వచ్చేది, కెమెరా తలుపు తీసి లోపల నొక్కితే చాలు. చిల్లిని చిన్నది చేసి, మిగిలిన జాగాలో ఫ్రేమును పెద్దది చేయడం వల్ల బొమ్మ వైశాల్యం పాతదానికన్నా దాదాపు సగం పెరిగింది. సెకనుకు 18 ఫ్రేములతో 3 నిమిషాల 20 సెకన్లు ఆడేది. రీలు చేతికి వస్తే తేడా పట్టడం సులువు. స్టాండర్డ్ 8లో పెద్ద చిల్లి రెండు ఫ్రేముల మధ్య గీతకు ఎదురుగా ఉంటుంది, సూపర్ 8లో చిన్న చిల్లి ఫ్రేము నడుముకు ఎదురుగా ఉంటుంది. ఒకదాని ప్రొజెక్టరులో మరొకటి ఎక్కిస్తే చిల్లులు చిరుగుతాయి. అదే ఏడాది ఫూజీ తెచ్చిన సింగిల్ 8 కొలతలో సూపర్ 8కు సమానమే అయినా పట్టీ పాలియెస్టరుది, మామూలు ఎసిటేటు ఫిల్మును అతికించే సిమెంటు అనే జిగురు దానికి పట్టదు. "ఏదైనా దుకాణం" అని మీ వ్యాసకర్త రాసినప్పుడు, ఆ దుకాణంలోని మనిషికి ఈ తేడాలు తెలిసి ఉంటాయని ఏ నమ్మకంతో రాశారో నాకు అర్థం కాలేదు.

ఇక నకలు తీశాక రీలుతో పనేముందన్న ప్రశ్న. మా కుటుంబంలో 1960ల నాటి స్టాండర్డ్ 8 రీలు ఒకటుంది. దానికి ఇప్పటికి మూడు నకళ్లు చేయించాను. మొదటిది వీహెచ్ఎస్ క్యాసెట్. సినిమాను గోడ మీద వేసి, ఎదురుగా వీడియో కెమెరా పెట్టి తీశారు. ప్రొజెక్టరు వేగానికీ వీడియో వేగానికీ పొత్తు కుదరక బొమ్మ ఆసాంతం మినుకు మినుకుమంటూనే ఉంది. అయినా ఇక రీలు అడ్డమేనని నాకూ అనిపించి, అట్టపెట్టెలో వేసి గడప అవతల పెట్టాను. మా అమ్మ చూసి, నాతో ఒక్క మాటైనా అనకుండా దాన్ని మళ్లీ లోపల పెట్టింది. రెండో నకలు డీవీడీ. మినుకు తగ్గింది గాని నీడ ఉన్న ప్రతి చోటూ తారు పూసినట్టు వచ్చింది. ఆ క్యాసెట్‌కు ఈపాటికి బూజు పట్టింది, డీవీడీని ఏ యంత్రంలో పెట్టినా చదవలేక బయటకు నెట్టేస్తోంది. మూడోది కొన్నేళ్ల కిందట పళ్లచక్రాలు లేని స్కానరు మీద, ఒక్కో ఫ్రేమునూ విడిగా తీయించినది. కుంచించుకుపోయిన పాత చిల్లుల మీద ఒత్తిడి పడకుండా పట్టీని నడిపించే యంత్రం అది. డీవీడీలో తారుముద్దగా కనిపించిన గుమ్మం లోపల, ఈ నకలులో మా నాయనమ్మ కూర్చుని ఏదో కుడుతూ కనిపించింది. దారం తెంపడానికి ఆమె తల వంచడం కూడా స్పష్టంగా ఉంది. ఆమె ఆ రీలులో ఉందని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి నకలు రాగానే రీలు పోయి ఉంటే ఆమె పోయినట్టు కూడా మాకు తెలిసేది కాదు.

ఇది ఒక ఇంటి ముచ్చట అనుకునేవారి కోసం లోకమంతా ఎరిగిన ఉదాహరణ చెబుతాను. 1963 నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన క్షణాలను అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి తన బెల్ అండ్ హవెల్ కెమెరాతో స్టాండర్డ్ 8 కొలతలోని కోడాక్రోమ్ అనే కోడక్ రంగు రివర్సల్ ఫిల్ము మీద తీశాడు. మొత్తం 26 సెకన్లు, 486 ఫ్రేములు. ఆ రోజే ఊళ్లోని కోడక్ ల్యాబులో దాన్ని కడిగారు. నకళ్లు తీసే యంత్రం 16 ఎంఎం వెడల్పుది కావడంతో ఫిల్మును మధ్యకు చీల్చకుండానే మరో ల్యాబుకు తీసుకువెళ్లి మూడు నకళ్లు వేయించారు. స్టాండర్డ్ 8 కెమెరాల్లో బొమ్మ కొంత చిల్లుల మధ్య జాగాలోకి కూడా పాకుతుంది. ప్రొజెక్టరు ఆ అంచును తెర మీద చూపదు, ఆనాటి ఆ నకళ్లలోకి కూడా అది రాలేదు, అసలు పట్టీలో మాత్రం ఉంది. ఆ సినిమాను ఎన్నిసార్లు, ఎన్ని రూపాల్లో నకలు తీశారో లెక్కే లేదు. అయినా అమెరికా ప్రభుత్వం అసలు పట్టీని తన జాతీయ అభిలేఖాగారంలో ఉంచుకోవాలని పట్టుబట్టింది. 1999లో మధ్యవర్తులు నిర్ణయించిన ప్రకారం అతని వారసులకు ఒక కోటి 60 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మన ఇళ్లలోని రీళ్లకు ఆ విలువ కట్టేవారు లేరు, నిజమే. నకలులోకి రాని బొమ్మ అసలులో మిగిలి ఉంటుందన్న సంగతి మాత్రం వాటికీ అంతే వర్తిస్తుంది.

రెండో సలహా, అంటే కడగని ఫిల్మును ఎవరికో ఒకరికి ఇచ్చేయమనడం, నా దృష్టిలో మొదటిదానికన్నా ప్రమాదకరం. నేను ఆ తప్పు చేశాను కాబట్టి చెబుతున్నాను. మా మేనమామ పోయాక ఆయన పెట్టెలో ఒక సూపర్ 8 కోడాక్రోమ్ కార్ట్రిడ్జి దొరికింది. ముందున్న చిన్న కిటికీలో ఫిల్ము మీద ఇంగ్లిషులో "ఎక్స్‌పోజ్డ్" అన్న అక్షరాలు కనిపించాయి. చివరిదాకా తీసిన కార్ట్రిడ్జికి అదే గుర్తు. రంగుల స్లయిడు ఫిల్ము కడుగుతామన్న ఒక ల్యాబుకు పంపాను. వాళ్లు దాన్ని ఎక్టాక్రోమ్ అనే మరో కోడక్ రంగు రివర్సల్ ఫిల్ముకు వాడే ఈ-6 పద్ధతిలో కడిగారు. అక్కడక్కడ మసి మరకలు తప్ప 50 అడుగుల పొడవునా గాజులా తేటగా ఉన్న పట్టీ తిరిగి వచ్చింది. ఖాళీ ఫిల్ము పంపారంటూ ఒక చీటీ కూడా పెట్టారు.

ఆ ఫిల్ము ఖాళీది కాదు. 1935లో బజారులోకి వచ్చిన కోడాక్రోమ్‌ను లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడౌస్కీ అనే ఇద్దరు సంగీతజ్ఞులు రూపొందించారు, ఒకరిది పియానో, మరొకరిది వయొలిన్. మిగతా రంగు ఫిల్ములకూ దానికీ ఉన్న తేడా ఏమిటంటే, రంగును పుట్టించే పదార్థం ఫిల్ములో ఉండదు, కడిగే ద్రావణాల్లో ఉంటుంది. ల్యాబులో ఎర్ర వెలుగు కింది వైపు నుంచి చూపించి ఒక డెవలపరులో వేసేవారు, నీలి వెలుగు పై వైపు నుంచి చూపించి మరో డెవలపరులో వేసేవారు, మధ్య పొరకు మూడో డెవలపరు. అలా ఒక్కో పొరకూ ఒక్కో రంగు ఎక్కించి, చివరన వెండినంతా తీసేసేవారు. ఈ-6 ద్రావణాల్లో ఆ రంగు పదార్థాలు ఉండవు, ఎందుకంటే ఎక్టాక్రోమ్ తన రంగులను తన పొరల్లోనే మోసుకొస్తుంది. కాబట్టి కోడాక్రోమ్‌ను అందులో వేస్తే వెండి బొమ్మ మాత్రమే తయారవుతుంది, ఆ వెండిని బ్లీచూ ఫిక్సరూ కలిసి కడిగేస్తాయి, ఇక మిగలడానికి ఏమీ లేదు. ఆ మసి మరకలు ఫిల్ము వెనక ఉండే రెమ్‌జెట్ అనే కర్బనపు పూతవి.

సూపర్ 8 కోడాక్రోమ్ తయారీ 2005లో ఆగిపోయింది. దాన్ని కడిగే కె-14 పద్ధతి చివరి ల్యాబు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ పట్టణంలో ఉన్న డ్వేన్స్ ఫొటో. కడగవలసిన ఫిల్మును 2010 డిసెంబరు 30 వరకే అక్కడ స్వీకరించారు. ఆ తర్వాత దొరికిన ప్రతి కోడాక్రోమ్ చుట్టకూ మిగిలిన దారి ఒక్కటే: ముందు ఆ మసి పూతను తీసి, నలుపు తెలుపు డెవలపరులో కడిగి, నెగటివుగా వచ్చిన బొమ్మను స్కాను చేసుకోవడం. రంగులు రావు, మనుషులు మాత్రం వస్తారు. మా మేనమామ ఫిల్ములో వారూ రాకుండా పోయారు. కార్ట్రిడ్జి మీద ఉన్న పేరు చదివి, ఆ ఫిల్ము ఏ పద్ధతిదో కనుక్కుని, పాత ఫిల్ములు కడగడమే పనిగా పెట్టుకున్న చోటికి పంపడం తప్ప వేరే మార్గం లేదు. అది కుదిరేదాకా కార్ట్రిడ్జిని తెరవకుండా, తేమ చొరబడని సంచిలో మూసి ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకొంతకాలం నిలుస్తుంది. ఈ జాగ్రత్త కొత్త ఫిల్ముకూ అవసరమే. ఇప్పుడు సూపర్ 8లో దొరికే కోడక్ విజన్3 రంగు నెగటివుకు కూడా వెనక ఆ మసి పూత ఉన్న చుట్టలు చాలా ఉన్నాయి. వాటిని సినిమా నెగటివులకు వాడే ఈసీఎన్-2 పద్ధతిలో కడగాలి. ఫొటో దుకాణాల్లో మామూలు రంగు నెగటివులు కడిగే సీ-41 యంత్రంలో వేస్తే ఫిల్మూ పాడవుతుంది, యంత్రమూ మసిబారుతుంది.

దాచడం గురించి క్లుప్తంగా చెబుతాను. పాత ఫిల్ము భగ్గుమంటుందని భయపడి పారేసేవాళ్లను చూశాను. ఆ ప్రమాదం పాతకాలపు సినిమాలకు వాడిన నైట్రేటు ఫిల్ముది, కోడక్ 8 ఎంఎం ఫిల్మును మొదటి నుంచీ సురక్షితమైన ఎసిటేటు పట్టీ మీదే తయారుచేసింది. ఎసిటేటుకు వేరే జబ్బుంది. వేడీ తేమా తగిలే చోట ఏళ్ల తరబడి ఉంటే అది విరిగి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే జబ్బును ఇంకా తొందరపెడుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకు తగిలితే ఆ రీలును మిగతావాటికి దూరంగా పెట్టి, ముందుగా దానికే స్కాను తీయించాలి. అలాంటిదాన్ని ప్రొజెక్టరులో ఎక్కించి ఒక్కసారి చూద్దామని మాత్రం సరదా పడవద్దు. మిగిలిన రీళ్లకు చల్లని, పొడి చోటు చాలు. ఒక రీలు జాగా తీసుకునేది అరచేయంత. అలమర ఖాళీ కావడానికి దాన్నే బలివ్వాలా అన్నది మీ వ్యాసకర్త ఆలోచించాలి.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. స్కాను తీయించినా రీలు ఉంచుకోమనీ, కడగని ఫిల్మును పేరు చూడకుండా ఎవరికీ ఇవ్వవద్దనీ రెండు వాక్యాలు వేస్తే చాలు. చోటుంటే మూడో వాక్యం కూడా చేర్చండి. రీలు వచ్చిన అట్టడబ్బాను పారేయవద్దు. కడిగిన ఫిల్ము చాలా కాలం ఆ చిన్న డబ్బాల్లోనే తపాలాలో తిరిగి వచ్చేది, వాటి మీద తపాలా ముద్ర తేదీ ఉంటుంది, ఇంటివాళ్లు పెన్నుతో రాసుకున్న పేర్లు ఉంటాయి. కోడక్ ఫిల్ము అంచున చుక్క, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తులతో తయారైన సంవత్సరం అచ్చయి ఉంటుంది గాని, అవే గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వస్తాయి. మా నాయనమ్మ ఉన్న రీలు ఏ కాలానిదో తేల్చుకోవడానికి ఆ అంచు గుర్తు ఒక్కటే సరిపోలేదు, డబ్బా మూత మీద మా నాన్నగారి చేతిరాత కూడా చూడవలసి వచ్చింది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు